మేలో టమాటా విత్తనం

ఎడిన్‌బరో, స్కాట్లాండ్,
మే 4

నాన్నకి నమస్కారం.

అక్కడ అందరూ క్షేమమని తలుస్తాను. మేలో విత్తనం వేస్తే ఆ చలిలో ఎప్పటికి కాస్తుందని మొన్న ఫోన్‌లో అడిగారు కదా, లెక్కతో సహా రాస్తున్నాను.

ఇక్కడ టమాటా నారు మార్చిలో పోస్తారు. అంటే నెల దాటి ఆలస్యం. మే మూడో వారం దాకా రాత్రి మంచు భయం ఉంటుంది, అక్టోబరులో మళ్లీ మొదలవుతుంది. జులైలో కూడా పగటి వేడి సగటున 19 డిగ్రీలే. మన విశాఖలో జనవరి తెల్లవారుజామున ఉండే చలి దాదాపు అంతే. జూన్‌లో పగలు పదిహేడున్నర గంటలు ఉంటుంది కాబట్టి వెలుతురు చాలుతుంది, వేడే చాలదు.

అందుకని పెద్ద కాయ రకాలు వద్దు. చిన్న కాయతో తొందరగా పండే సన్‌గోల్డ్, స్టుపిస్ మంచివి. కుండీలో పొదలా పెరిగే రెడ్ అలర్ట్ కూడా పనికొస్తుంది. ప్యాకెట్ మీద 57 రోజులని ఉంటే అది నారు నాటిన రోజు నుంచి, అదీ వెచ్చని చోట. ఇక్కడ ఇంకో రెండు మూడు వారాలు కలుపుకోవాలి. ఈ వారం వేసిన గింజ జూన్ రెండో వారానికి నాటుకొస్తే, మొదటి పండు ఆగస్టు చివర.

రోజులు కలిసొచ్చేది మొలక దగ్గరే. మట్టి 25 డిగ్రీలుంటే ఆరు రోజుల్లో మొలుస్తుంది, 15 ఉంటే రెండు వారాలు, 10 అయితే నెల దాటుతుంది. టిష్యూ కాగితాన్ని తడిపి, పిండి, గింజలు పరిచి జిప్ కవర్‌లో వేయాలి. బాయిలర్ ఉన్న అలమరలో థర్మామీటర్ పక్కన పెట్టి 25 దగ్గర ఉండేలా చూసుకోవాలి. మూడు నాలుగు రోజులకి తెల్లటి వేరు తొంగిచూస్తుంది. అది రెండు మూడు మిల్లీమీటర్లు ఉండగానే తీసేయాలి. ఇంకా ఆగితే కాగితంలోకి అల్లుకుని, తీసేటప్పుడు తెగిపోతుంది. వేలితో పట్టుకోకుండా తడి అగ్గిపుల్ల కొసతో ఎత్తి, వేరు కిందికి పెట్టి, పైన ఒక సెంటీమీటరు మట్టి కప్పాలి. ట్రేలో కాకుండా నేరుగా 9 సెంటీమీటర్ల కుండీలో పెడితే, తర్వాత వేరు కదిలి మొక్క కొన్నాళ్లు ఆగిపోయే బాధ ఉండదు.

మొలక పైకి రాగానే అలమరలోంచి తీసేయాలి. ఎక్కువమంది ఇక్కడే పొరపాటు చేస్తారు. వేడి ఎక్కువై వెలుతురు తక్కువైతే కాండం పాలిపోయి దారంలా సాగుతుంది. 18 డిగ్రీల గది, ఆకుకి ఏడెనిమిది సెంటీమీటర్ల పైన ఎల్‌ఈడీ లైటు, రోజుకి 16 గంటలు. సాగిన మొక్కనీ పారేయక్కర్లేదు. మొదటి ఆకుల దాకా పాతితే కాండమంతా వేళ్లు వేస్తుంది. దగ్గరగా చూస్తే కాండం నూగు కింద చిన్న బొడిపెలు కనిపిస్తాయే, వేళ్లు అక్కడినుంచే వస్తాయి.

నీళ్లు పళ్లెంలో పోసి, అరగంటకి మిగిలినవి పారబోయాలి. పై మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే నారుకుళ్లు వస్తుంది, మొదలు దగ్గర కాండం సన్నగా నొక్కుకుపోయి మొక్క వాలిపోతుంది. ఆకు అడుగు ఊదారంగుకి తిరిగితే ఎరువు గుమ్మరించొద్దు. మట్టి చల్లబడి వేరు భాస్వరం తీసుకోలేకపోతోంది, అంతే. వెచ్చని చోటికి మారిస్తే కొత్త ఆకు పచ్చగా వస్తుంది.

ఇంతకన్నా దగ్గర దారి ఒకటుంది. ఇరుగుపొరుగువాళ్లు మార్చిలో వేసిన మొక్క నుంచి జానెడు పక్క పిలక అడిగి తెచ్చి నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లు వేస్తుంది. విత్తనం మొక్క కన్నా నెల ముందుంటుంది.

బయట నాటే ముందు వారం పది రోజులు పగలు బయట, రాత్రి లోపల పెట్టి అలవాటు చేయాలి. మన డాబా మీద ఎండకి పూత రాలినట్టే ఇక్కడ చలికి రాలుతుంది. రాత్రి 13 డిగ్రీల కన్నా తగ్గితే పుప్పొడి సరిగా తయారవదు. దక్షిణం వైపు ఎండ తగిలే గోడకి ఆనించి కుండీ పెడితే, పగలు పీల్చుకున్న వేడిని ఆ గోడ రాత్రి వదులుతుంది. పుప్పొడి రాలి కాయ కట్టేలా మధ్యాహ్నం పూల గుత్తిని వేలితో మెల్లగా తట్టాలి. వానకి ఆకు తడిస్తే ఆకుమాడు తెగులు కొద్ది రోజుల్లోనే మొక్కని తినేస్తుంది, అందుకే పైన ప్లాస్టిక్ కప్పు తప్పనిసరి. మూడు గుత్తులు పట్టాక, ఆగస్టు మొదటి వారంలో తల తుంచేయాలి. రెడ్ అలర్ట్‌కి మాత్రం తుంచకూడదు.

సెప్టెంబరు చివరికి ఇంకా పచ్చిగా ఉన్నవి కోసి, 18-20 డిగ్రీల గదిలో అరటిపండుతో కలిపి సంచిలో ఉంచితే ఎర్రబడతాయి. ఎండ అక్కర్లేదు. మన ఎండల్లో 30 దాటితే కాయ పసుపు దగ్గరే ఆగిపోవడం మీకు తెలిసిందే, ఆ ఎరుపుకి మరీ వేడీ పడదు, మరీ చలీ పడదు.

సెప్టెంబరులో వచ్చేటప్పుడు మన టమాటా గింజలు సూట్‌కేసులో పెట్టకండి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా ఇక్కడికి రానివ్వరు. పండనివి ఎలాగూ కొన్ని మిగులుతాయి కాబట్టి, పచ్చి టమాటా పచ్చడికి నువ్వులు మాత్రం తెమ్మని అమ్మకి చెప్పండి.

మీ
చిన్నమ్మాయి