నగారు క్యాంపులో మావాడి షూ కట్టిన బాబుకి
మొన్న మే నెలలో మావాడు పదో క్లాసు అయిపోయిందని హిమాచల్‌లోని కసోల్ నుంచి సర్ పాస్ (కొండల మధ్య మంచు కనుమ) ట్రెక్‌కి వెళ్ళాడు, దాదాపు 13,800 అడుగుల ఎత్తు, మంచు మొహం ఎప్పుడూ చూడని పిల్లాడు. నగారు క్యాంపులో, తెల్లారితే పాస్ ఎక్కాలనగా షూ అడుగు ఊడి నోరు తెరిచేసింది (కొత్తవి కొంటానంటే వద్దన్నాడు లెండి). పక్క టెంట్లో ఎవరో అన్న, పేరైనా అడగలేదు మావాడు, తాడు ముక్క కోసి సోల్ చుట్టూ మూడు చుట్లు తిప్పి మడమ దగ్గర ముడేసి, తన పొడి ఉన్ని సాక్సులు కూడా ఇచ్చేశాడంట. ఆ ముడితోనే పాస్ దాటి అవతల మంచు మీద కూర్చుని జారుకుంటూ దిగాడు. బాబూ, మీరెవరో గానీ చాలా చాలా థాంక్స్. సాక్సులు ఉతికి ఉంచాను, తాడు మాత్రం వాడు పారెయ్యనివ్వట్లేదు.