మన టీవీ గేమ్‌ల సేకరణ: ఈ ఏడాది పనుల వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మనం ఒక నిర్ణయం తీసుకున్నాం. జపాన్ నుంచి అసలు ఫామికామ్‌లు (నింటెండో కంపెనీ టీవీ గేమ్ మెషీన్లు) తెప్పించడం ఆపేసి, ఆ డబ్బూ ఆ శ్రమా మన ఊళ్లలో అమ్ముడైన డూప్లికేట్ మెషీన్ల మీద పెడదామనుకున్నాం. కొందరికి అది నచ్చలేదు. “డూప్లికేట్ సరుకు దాచుకోవడానికి సంఘం ఎందుకండీ?” అని ఒక పెద్దాయన సూటిగానే అడిగారు. ఏడాది పని చేశాక కార్యదర్శిగా నేను చెప్పేది ఇదీ: అసలు ఫామికామ్‌ను భద్రంగా దాచేవాళ్లు జపాన్‌లో ఉన్నారు, అమెరికాలో ఉన్నారు. మన అటకల మీద ఉన్నవాటిని మనం దాచకపోతే ఇంకెవరూ దాచరు.

కొత్తగా చేరినవాళ్ల కోసం కాస్త వెనకటి సంగతి. నింటెండో ఫామికామ్ 1983 జూలై 15న జపాన్‌లో 14,800 యెన్‌లకు విడుదలైంది. దాని తయారీకి నాయకత్వం వహించిన ఇంజినీరు మసయుకి ఉఎమురా. మన పిల్లల చేతికి వచ్చినవి మాత్రం దాన్ని చూసి చేసిన సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్, విజ్ కిడ్ లాంటివి. అసలు కంపెనీల సరుకు ఎంత ఖరీదో తెలియాలంటే సెగా సంగతి చూడండి. 80 శాతం దిగుమతి సుంకం తప్పించుకోవడానికి 1995లో షా వాలెస్ అనే మన దేశపు కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుని ఇక్కడ తమ గేమ్ మెషీన్ మెగా డ్రైవ్ అమ్మారు. అయినా ధర 18,000 రూపాయలు. అప్పట్లో ఒక ఆట వస్తువుకి అంత పెట్టగల ఇళ్లు ఎన్ని? అందుకే డూప్లికేట్లే మన తరానికి వీడియో గేమ్ అయ్యాయి. ఆ మాట చెప్పుకోవడానికి మనం సిగ్గుపడక్కర్లేదు.

ఇక ఈ ఏడాది పనులు. ఎర్రగడ్డ ఆదివారం సంతకి, కోఠి గుజరాతీ గల్లీకి మనవాళ్లు వీలైనప్పుడల్లా వెళ్లారు. నిజం చెప్పాలంటే సంతలో దొరికినదానికన్నా సభ్యుల చుట్టాల ఇళ్లలో దొరికిందే ఎక్కువ. సంతలో మెషీన్ ఒక్కటే దొరుకుతుంది. ఇంట్లో అయితే దాని అట్టపెట్టె, బిల్లు, ఆట గన్ను, అన్నిటికన్నా ముఖ్యంగా దాంతో ఆడిన మనిషి కూడా దొరుకుతారు.

వరంగల్ సభ్యురాలు తన పుట్టింటి నుంచి తెచ్చిన పసుపు క్యాసెట్టు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాని మీద 9999999 ఆటలున్నాయని అచ్చేసి ఉంది. ఆ స్టిక్కర్ కింద రూళ్ల కాగితం ముక్క ఒకటి అంటించి, వాళ్ల నాన్నగారు నీలం సిరాతో రాశారు: “1 మారియో, 2 బాతులు, 3 ట్యాంకులు, 4 బైకు. మిగతావన్నీ ఇవే.” మేము క్యాసెట్టు పెట్టి చూస్తే ఆయన లెక్క అక్షరాలా నిజం. మెనూలో పేర్లు మారుతూ పోతాయి గానీ లోపల ఉన్నవి ఆ నాలుగే. కాకపోతే ఒకచోట మొదటి లెవెల్ నుంచి, ఇంకోచోట నాలుగో లెవెల్ నుంచి మొదలవుతాయి. ఆ కాగితాన్ని ఊడదీయకుండా ఉన్నచోటే ఫొటో తీసి భద్రపరిచాం. నా దృష్టిలో ఈ ఏడాది మనకు దొరికిన వస్తువుల్లో అదే విలువైనది. అదే ఇంటి నుంచి ఒక స్కూల్ నోటుబుక్కు కూడా వచ్చింది. అందులో లెక్కల మధ్య “పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి బి ఎ” అని ఉంది. కాంట్రా ఆటలో 30 లైఫులు వచ్చే కోడ్ అది. 1986లో గ్రేడియస్ ఆటలో మొదటిసారి పెట్టిన ఆ కోడ్, వరంగల్ పిల్లల నోటుబుక్కు దాకా నోటిమాటగానే వచ్చి ఉంటుంది.

పరిశోధన వైపు మనం చేసిన మంచి పని ఒకటుంది. మన దేశంలో అప్పటి టీవీలది పాల్ పద్ధతి, అంటే సెకనుకు 50 సార్లు తెర మారేది. జపాన్‌లో 60 సార్లు. పాల్ టీవీల కోసం చేసిన డూప్లికేట్లలో తైవాన్ కంపెనీ యూఎంసీ చిప్పులు చాలా వాడారు. జపాన్ ఆటలు ఆగిపోకుండా ఆడేలా ఆ చిప్పుల్లో సర్దుబాటు ఉంటుంది గానీ, వేగం మాత్రం 50 దగ్గరే. మారియోలో పైన 400 నుంచి తగ్గే టైమ్ ఉంటుంది కదా, అది 24 ఫ్రేములకి, అంటే తెర 24 సార్లు మారితే, ఒక అంకె తగ్గుతుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని చూశాం. జపాన్ మెషీన్ మీద మొత్తం అయిపోవడానికి దాదాపు 160 సెకన్లు, మన డూప్లికేట్ మీద దాదాపు 192 సెకన్లు. అంటే ఆట నెమ్మది, పాట కూడా నెమ్మదే. ఇప్పుడు ఫోన్లో ఎమ్యులేటర్ (పాత మెషీన్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్) పెట్టి ఆడితే “ఏదో తేడాగా ఉంది, కంగారుగా పరిగెడుతోంది” అనిపించడం చాలామందికి అనుభవమే. అది వయసు వల్ల కాదు. మనం విన్న మారియో పాట నిజంగానే వేరు. అందుకే మన మెషీన్లను వీడియో, ఆడియో రికార్డు చేసి ఉంచడం మొదలుపెట్టాం.

రిపేర్ల విషయంలో ఒక నష్టం జరిగింది, బాధ్యత నాదే. ఫామికామ్ అడాప్టర్ పిన్నుకి లోపల మైనస్, బయట ప్లస్. డూప్లికేట్లు కొన్ని అలాగే ఉంటాయి, కొన్ని దానికి తిరగేసి ఉంటాయి. గుంటూరు నుంచి వచ్చిన మెషీన్‌కి నేను చూసుకోకుండా చేతికందిన అడాప్టర్ పెట్టాను. రెండు సెకన్లలో కాలిన వాసన వచ్చింది. లోపల వోల్టేజీని సర్దే రెగ్యులేటర్ మార్చినా బొమ్మ రాలేదు. లోపలంతా బోర్డు మీద ఒకే ఒక్క నల్లబొట్టు చిప్పు, అంటే నల్లటి జిగురు కింద మూసేసిన చిప్పు. అసలు ఫామికామ్‌లో లాగా విడివిడి చిప్పులుంటే పోయినదాన్ని మార్చుకోవచ్చు, నల్లబొట్టు కాలిందంటే ఇక అంతే. ఇచ్చిన కుటుంబానికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఇకనుంచి మల్టీమీటర్ పెట్టి చూడకుండా ఏ మెషీన్‌కీ కరెంటు ఇవ్వకూడదని కార్యవర్గం తీర్మానించింది. ఆ కాగితం రిపేరు బల్ల పైనే అంటించాం.

ఒక కొరియర్ పార్సిల్‌లో క్యాసెట్లు పగిలి వచ్చాయి, పరిహారం రాలేదు. మెషీన్లు మాత్రం వీలైనంత వరకు మనుషులతోనే పంపండి.

డంపింగ్ పని, అంటే క్యాసెట్టులోని ఆటను కంప్యూటర్ ఫైలుగా తీసుకోవడం, నెమ్మదిగా సాగుతోంది. ప్రతి క్యాసెట్టునీ రెండుసార్లు చదివి, రెండు ఫైళ్ల చెక్‌సమ్ (ఫైళ్లు సరిపోలాయో లేదో చూసే అంకె) ఒకటే వస్తేనే రిజిస్టర్లో రాస్తున్నాం. ఈ ఆటల హక్కులు ఆ కంపెనీలవే కాబట్టి ఫైళ్లు సంఘం హార్డ్ డిస్కులు దాటి బయటికి వెళ్లవు. దయచేసి ఎవరూ అడగవద్దు.

బాతుల ఆట కోసం ఒక పాత డబ్బా టీవీ సంపాదించాం. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణం పాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి వెలుగుతుంది. గన్నులోని సెన్సార్ దాన్ని పట్టుకుంటుంది. పిక్చర్ ట్యూబు ఉన్న టీవీల లెక్క ప్రకారం చేసిన గన్ను అది, ఇప్పటి ఎల్‌ఈడీ టీవీల మీద పనిచేయదు. వేసవి ప్రదర్శనలో చిన్నపిల్లలు ఆ గన్ను దగ్గర వరస కట్టారు. ఆ టీవీ వెనక మూత మాత్రం ఎవరూ తెరవకండి, స్విచ్ ఆపాక కూడా లోపల ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా ఇస్తారు.

చివరిగా ఒక విన్నపం. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు అటక మీద పాత మెషీన్ కనిపిస్తే పాత సామాన్లవాడికి వేసేయకండి. తడిగుడ్డతో తుడవకండి, క్యాసెట్టులో నోటితో ఊదకండి. ఉమ్మి తడికి పిన్నులు తుప్పు పడతాయి, శుభ్రం చేయడానికి మా దగ్గర ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంది. పని చేస్తుందో లేదో చూద్దామని ప్లగ్గులో పెట్టకండి. దాని అడాప్టర్ దొరికితే అదే సంచిలో వేసి, ఎవరి ఇంట్లో, ఏ ఊళ్లో, సుమారు ఏ సంవత్సరంలో కొన్నారో ఒక చీటీ రాసి పెట్టండి. ఆట పేర్లు మీ ఇంట్లో ఎలా పిలిచేవారో అలాగే రాయండి.