రంది అంటే ఏమిటో అడగడం మాకు నేర్పించండి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను విజయవాడలో పుట్టి, హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ చేస్తున్నదాన్ని. మొదట్లో బోరబండ నుంచి ఒకావిడ వచ్చింది. "మేడం, రందితోని పానం గుంజుతున్నది" అంది. నేను ఒళ్లునొప్పులు, నిద్రలేమి అని రాసుకున్నాను. తెలుగే కదా, అర్థమైందనుకున్నాను. మూడో వారం నుంచి ఆమె రాలేదు. రంది అంటే మనిషిని లోలోపల తొలిచే దిగులని తర్వాత మా ఆయా చెప్పింది. "ఎవరి రంది అక్కా?" అని ఆ రోజే అడిగి ఉంటే ఆమె ఇంటి సంగతి చెప్పుకునేదేమో. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధగా ఉంది.

కూర్చోగానే కొందరు "మీరు ఏమోళ్లు మేడం?" అని అడుగుతారు. సొంత విషయాలు చెప్పకూడదని మాకు చదువులో నేర్పారు. కానీ నేను మాట్లాడకపోతే ఇంటిపేరు చూసి వాళ్లే ఒక కులం అనుకుంటారు. కులం వల్ల పడిన అవమానం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అందుకే ఇప్పుడు నేనే అడుగుతున్నాను: "నేను మీవాళ్లను కాకపోతే నాతో చెప్పడానికి ఇబ్బందా?" ఆ ఒక్క ప్రశ్నతో ఏడ్చేసినవాళ్లున్నారు.

పాతబస్తీ తల్లులకు చాలాసార్లు కొడుకే దుబాసీ. "దిల్ ఘబ్రారా" (మనసు కంగారుగా ఉంది) అన్న తల్లి చెప్పాలనుకున్నది కొడుకు గురించే అయితే? బోనాల్లో అక్కకు పూనకం వస్తుందని చెబితే, జబ్బు అని రాసేముందు ఇంటివాళ్లు దాన్నెలా చూస్తారో అడగాలి కదా! అమెరికా మానసిక వైద్యులు 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకంలో ఇలా అడగడానికే 16 ప్రశ్నలు పెట్టారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మతం, కులం, సంస్కృతి పేరిట వివక్ష లేని వైద్యాన్ని హక్కుగా ఇచ్చింది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలోనూ, 14416 నంబరుతో ఫోన్‌లో సాయం చేసే టెలీ మానస్‌లోనూ పనిచేసేవారికి ఈ తేడాల గురించి నోరువిప్పి మాట్లాడటం నేర్పించండి. ఆ పాఠం చెప్పడానికి ఆశా కార్యకర్తలను, బస్తీ దవాఖానాల నర్సులను పిలవండి. మాకు తెలియని మాటలు వాళ్లకు తెలుసు. దక్కనీ ఉర్దూ, లంబాడీ వచ్చిన దుబాసీలను నియమించండి.

మొదటి రోజు నింపే కాగితంలో జబ్బు పేరు కంటే ముందు "మీ ఇంట్లో దీన్నేమంటారు?" అని ఒక గడి చేర్పించండి. నా కాగితాల మీద ప్రస్తుతానికి చేత్తో రాసుకుంటున్నాను.

ఇట్లు,
ఒక కౌన్సెలర్, హైదరాబాద్