కారుతున్న డయాలసిస్ బ్యాగులు, పన్నెండు రోజులుగా జవాబు లేదు

గాజువాక, విశాఖపట్నం

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మా వారికి రెండు కిడ్నీలూ పనిచేయవు. రెండున్నరేళ్లుగా ఇంట్లోనే పొట్ట డయాలసిస్ చేసుకుంటున్నారు. రోజుకు నాలుగు ఎక్స్ఛేంజ్‌లు, అంటే పొట్టలోని పాత ద్రవం తీసేసి బ్యాగులోని కొత్తది నింపడం. దానికి నాలుగు రెండు లీటర్ల బ్యాగులు. అన్నీ మీ కంపెనీవే. ఈసారి వచ్చిన పెట్టెల్లో ఒకటి అడుగంతా తడిసి ఉంది. విప్పితే ఐదు బ్యాగులు కారుతున్నాయి. సామాను అన్నాక ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది, దానికి నాకు కోపం లేదు. ఆ తర్వాత మీరు మమ్మల్ని తిప్పిన తీరుకే ఈ ఉత్తరం.

మొదటి రోజు ఫోన్ ఎత్తిన అమ్మాయి బ్యాచ్ నంబరు, ఫొటోలు అడిగితే పంపాను. రెండు రోజులకు ఇంకొకాయన మళ్లీ అవే అడిగారు. పంపాను కదండీ అంటే "సిస్టంలో కనిపించడం లేదు మేడం" అన్నారు. డీలర్‌ని అడగమన్నారు. ఆటోనగర్‌లో ఆయన గోడౌన్‌కి వెళ్తే, హైదరాబాద్ నుంచి మెయిల్ రావాలన్నారు. హైదరాబాద్‌కి చేస్తే, ముందు డీలరే మెయిల్ పెట్టాలన్నారు. మధ్యలో ఒకాయన "చిన్న లీకే కదా, వాడేయండి" అన్నారు! కారే బ్యాగు ముట్టుకోవద్దని నేర్పింది మీ కంపెనీ నర్సే. అందులోంచి క్రిములు పొట్టలోకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

ఐదోసారి మీరే ఫోన్ చేశారు. పేషెంటే మాట్లాడాలన్నారు. అప్పుడే మా వారు ఎక్స్ఛేంజ్ కోసం ఫ్యాన్ ఆపించి, మాస్క్ కట్టుకుని, చేతులు కడుక్కుని ఏదీ తగలకుండా పైకెత్తి కూర్చున్నారు. అరగంట ఆగి చేయండి బాబూ అంటే కుదరదన్నారు. ఫోన్ నేనే ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను. మాస్క్‌లోంచి ఆయన చెబుతుంటే "వాయిస్ క్లియర్‌గా లేదు" అని కట్ చేశారు. సాయంత్రం మెసేజ్ వచ్చింది, కస్టమర్ స్పందించలేదు కాబట్టి ఫిర్యాదు క్లోజ్ చేశామని. స్పందించలేదా? పన్నెండు రోజుల కాల్ లిస్టు నా ఫోన్‌లో ఉంది, చూపిస్తాను.

బ్యాగులు చాలక, మద్దిలపాలెంలో ఇంకో పేషెంటు ఇంటి నుంచి ఐదు అప్పు తెచ్చుకున్నాను. పది కిలోల పైన బరువు, బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాను. వాళ్లకూ లెక్క ప్రకారమే వస్తాయి. అయినా ఇచ్చారు.

మొదట్లో మీ మనిషి మా హాల్లో కూర్చుని "అర్ధరాత్రయినా ఫోన్ చేయండమ్మా" అన్నాడు. ఆ మాట నమ్మే, ఇంకొకరు తక్కువకు ఇస్తామన్నా మారలేదు. తెలిసినవాళ్లు ఇద్దరికి మీ పేరే చెప్పాను. ఇప్పుడు వాళ్లకు ఏం చెప్పమంటారు?

ఆ ఐదు బ్యాగులూ వెంటనే పంపండి, అప్పు తీర్చాలి. మా ఫిర్యాదు ఎవరు క్లోజ్ చేశారో రాతపూర్వకంగా చెప్పండి. వారంలో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేముండే ఊళ్లోనే వేయవచ్చు, మీరే విశాఖ రావాలి.

ఫోన్ చేసేటట్లయితే ఉదయం ఆరు, పదకొండు, సాయంత్రం నాలుగు, రాత్రి పది గంటలప్పుడు చేయకండి. ఆ వేళల్లో ఆయన చేతులు ఖాళీగా ఉండవు.

ఇట్లు,
మీ పేషెంటు భార్య