ఆర్పీ ఉందని కంటి ప్రెషర్ చూడటం మానేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

వంశపారంపర్యంగా వచ్చే రెటీనా (కంటి వెనక వెలుగును పట్టే పొర) జబ్బులకు జన్యు చికిత్స గురించి మీరు వేసిన వ్యాసాన్ని మా అమ్మాయి నాకు రెండుసార్లు చదివి వినిపించింది. నాకు ఆర్పీ ఉంది. దాని పూర్తి పేరు రెటీనైటిస్ పిగ్మెంటోసా, రెటీనా మెల్లమెల్లగా పాడైపోయే జబ్బు, సుమారు 4000 మందిలో ఒకరికి ఉంటుంది. నాకు పదహారో ఏట రేచీకటితో మొదలైంది, ఇప్పుడు 47 ఏళ్లు. వ్యాసం బాగుంది. అందులో రాని ఒక్క విషయం కోసం ఈ ఉత్తరం చెప్పి రాయిస్తున్నాను. ఆర్పీ ఉన్న కంటికి గ్లాకోమా కూడా రావచ్చు. కంటినరాన్ని దెబ్బతీసే, నీటికాసులు అని పెద్దవాళ్లు చెప్పే జబ్బు అదే.

నాకు జరిగింది చెబుతాను. ఐదేళ్ల క్రితం నా ఎడమ కంటి చూపు వేగంగా తగ్గసాగింది. అంతకుముందు ఇరవై ఏళ్లలో పోయినంత చూపు రెండేళ్లలో పోయింది. సాయంత్రాలు కనుబొమ్మ పైన నొప్పి, దీపాల చుట్టూ రంగుల వలయాలు. ఒకసారి వాంతులు కూడా అయ్యాయి. నేను చూపించుకునే చోట ప్రతిసారీ ఒకటే మాట: "ఆర్పీ కదమ్మా, పెరుగుతూనే ఉంటుంది." నేనూ నమ్మాను. ఆర్పీలో కళ్ల ముందు మెరుపులు రావడం మామూలే కాబట్టి ఆ వలయాలూ అలాంటివే అనుకున్నాను. చివరకు శుక్లం ఆపరేషన్ కోసం వేరే డాక్టరు గారి దగ్గరికి వెళ్తే, ఆవిడ ముందుగా కంటి ప్రెషర్ కొలిచారు. ఎడమ కంట్లో 38, కుడి కంట్లో 27. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి. "ఇంతకుముందు ఎప్పుడు చూశారు?" అని అడిగారు. ఫైలంతా వెతికితే పదకొండేళ్ల కిందటి కాగితం ఒకటి దొరికింది.

ఎవరినీ నిందించడానికి ఇది రాయడం లేదు. ఈ రెండు జబ్బులూ ఒకే కంట్లో ఉంటే విడదీసి చూడటం నిజంగానే కష్టం. ఆర్పీలో ముందు పక్క చూపు పోతుంది, గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో కాస్త మిగులుతుంది. గ్లాకోమా కూడా చాలామందిలో నొప్పీ గోలా లేకుండా పక్క చూపునే మొదట తీసుకుపోతుంది. రోగికి తేడా తెలియదు. చుక్క వెలుగు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కే ఫీల్డ్ పరీక్ష ఉంది కానీ, ఆర్పీ వల్ల చూపు అప్పటికే ముడుచుకుపోయి ఉంటుంది, కొత్తగా పోయినదాన్ని అందులో ఎలా పట్టుకుంటారు? కంటినరం మొదలును చూసి గ్లాకోమాను అంచనా వేస్తారు. ఆర్పీ ముదిరిన కంట్లో ఆ నరం మొదలే మైనంలా పాలిపోయి ఉంటుంది. అందుకే మాలాంటివాళ్లకు ప్రెషర్ కొలవడం, గోనియోస్కోపీ అనే పరీక్షలో అద్దం పెట్టి కంటి లోపలి మూల తెరిచి ఉందో లేదో చూడటం మిగతావాళ్లకంటే ఎక్కువ అవసరం. ప్రెషర్ మామూలుగా ఉన్నా గ్లాకోమా వచ్చేవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక్కసారి కొలిచి వదిలేస్తే సరిపోదు.

ఆ మూల సంగతి కొంచెం వివరించాలి, ఎందుకంటే నాకు ఇది ఎవరూ ముందుగా చెప్పలేదు. కంటి లోపల పల్చటి నీరు ఒకటి ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది. కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా, దాని వెనక రంగు వలయం ఐరిస్ కలిసే మూలలో జల్లెడలాంటి దారి గుండా బయటికి పోతుంది. ఆర్పీ ఉన్నవాళ్లలో కొందరికి కంటి లెన్స్ మందమెక్కుతుంది, లేదా దాన్ని పట్టి ఉంచే సన్నటి దారాలు వదులై లెన్స్ ముందుకు జరుగుతుంది. దాంతో ఐరిస్ ముందుకు వచ్చి ఆ దారి మూసుకుపోతుంది. నాకు జరిగింది ఇదే. కొన్ని జన్యు లోపాల్లో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఎంఎఫ్ఆర్‌పీ అనే జన్యువు దెబ్బతిన్నవాళ్లకు పుట్టుకతోనే కన్ను మరీ చిన్నదిగా ఉండి, దానితోపాటు రెటీనా జబ్బూ వస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా దెబ్బతిన్న బెస్ట్1 జన్యువు వచ్చినవాళ్లలోనూ రెటీనా జబ్బుతోపాటు కంటి మూల ఇరుకుగా ఉండటం తరచుగా కనిపిస్తుంది. ఇలాంటి కుటుంబాల్లో రెండు జబ్బులకూ వేరు ఒకటే.

మందుల విషయంలోనూ ఒక మాట. ఆర్పీలో రెటీనా మధ్యన మాక్యులాలో నీరు చేరి వాస్తుంటుంది. దానికి కొందరికి స్టెరాయిడ్ ఇస్తారు, అది కొన్ని కళ్లలో ప్రెషర్ పెంచుతుంది. అదే వాపుకు వాడే ఎసిటజోలమైడ్, డోర్జోలమైడ్ ప్రెషర్ తగ్గించే మందులు కూడా. అవి వాడుతున్నంతకాలం ప్రెషర్ బాగానే ఉన్నట్టు కనిపించి, ఆపాక పెరగవచ్చు. ఏం వాడుతున్నామో డాక్టరుకు ప్రతిసారీ చెప్పుకోవాలి. సొంతంగా ఆపడం, మార్చడం మాత్రం వద్దు.

ఇక మీ వ్యాసం దగ్గరికి వస్తాను. ఆర్‌పీఈ65 జన్యువు లోపం ఉన్నవాళ్ల కోసం 2017 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన లక్స్‌టర్నా అనే జన్యు చికిత్స గురించి రాశారు. అది విని మా ఇంట్లో అందరం ఎంత సంతోషపడ్డామో చెప్పలేను, నా జన్యువు వేరే అయినా సరే. కానీ అది రెటీనాకు చేసే వైద్యం. రెటీనా పట్టుకున్న వెలుగును మెదడుకు చేర్చేది కంటినరం. అందులో 10 లక్షలకు పైగా పోగులు ఉంటాయి. గ్లాకోమా చంపేది ఆ పోగులనే. 2021లో ఇంకో పద్ధతి వార్తల్లోకి వచ్చింది. ఆర్పీతో ఏళ్ల తరబడి చూపు లేని ఒక వ్యక్తి, ఆప్టోజెనెటిక్స్ అనే చికిత్స తర్వాత ప్రత్యేకమైన కళ్లద్దాల సాయంతో ఎదురుగా బల్లమీద ఉన్న వస్తువులను గుర్తించి తాకగలిగాడు. ఆ చికిత్సలో వెలుగును పట్టే పనిని రెటీనాలోని గాంగ్లియన్ కణాలకు అప్పగిస్తారు. కంటినరం పోగులు ఆ కణాల నుంచి వచ్చేవే. రేపు నాకు సరిపడే చికిత్స ఏదైనా వస్తే కుడి కంటికి పనికొస్తుందేమో. ఎడమ కంట్లో నరం చాలావరకు పోయిందని డాక్టరు గారు చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆర్పీని ఆపే దారి లేదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, దానికి నన్ను నేను సిద్ధం చేసుకున్నాను. చుక్కల మందుతో ఆగేదాన్ని కూడా ఆపుకోలేకపోయానన్న బాధ వేరు.

నా విన్నపాలు నాలుగే. ఆర్పీ అని తేలినవాళ్లకు "ఇక చేసేదేం లేదు, రావక్కర్లేదు" అని చెప్పి పంపొద్దు. చూపు లోపం ధ్రువపత్రం చేతికొచ్చాక కంటి డాక్టరు దగ్గరికి వెళ్లడమే మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు, మా తమ్ముడితో సహా. ఆర్పీ రోగి ఎప్పుడు వచ్చినా ప్రెషర్, కంటినరం చూడాలనీ, కంటి మూలను డాక్టరు చెప్పిన వ్యవధిలో పరీక్షించాలనీ ఆస్పత్రులు నియమంగా పెట్టుకోవాలి. కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులు, దీపాల చుట్టూ వలయాలు కలిసి వస్తే అది ఎమర్జెన్సీ, అదే రోజు వెళ్లాలని ప్రతి కుటుంబానికీ చెప్పాలి. పత్రికలు జన్యు చికిత్సల గురించి రాసిన ప్రతిసారీ, అవి వచ్చేదాకా కంటినరాన్ని కాపాడుకోమని ఒక్క వాక్యం కలిపితే ఎన్ని కళ్లకు మేలో.

నాకు ఐరిస్‌లో లేజర్‌తో చిన్న రంధ్రం చేశారు, తర్వాత శుక్లం తీశారు, రోజూ చుక్కల మందు వేసుకుంటున్నాను. కుడి కంటి ప్రెషర్ ఇప్పుడు 14. నా సంగతి తెలిశాక తమ్ముణ్ని పట్టుబట్టి తీసుకెళ్లాను. వాడికీ ఆర్పీయే, తొమ్మిదేళ్లుగా ఏ డాక్టరుకూ చూపించుకోలేదు. ప్రెషర్ బాగానే ఉంది కానీ రెండు కళ్లలోనూ మూల ఇరుకుగా ఉందన్నారు. అదే వారం లేజర్ చేశారు. ఒక్కో కంటికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఇట్లు,
ఆర్పీ ఉన్న ఒక పాఠకురాలు