ఊయల తెరలో తెలుపు ఒక్కటే కాదు

అయ్యా,

పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుల బృందమైన ఇంప్రెషనిస్టులపై మీ ఆదివారం వ్యాసం చిత్రకారిణి బెర్త్ మోరిసోను ‘మానే మరదలు’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది. చిత్రకారుడు ఎదువార్ మానే తమ్ముణ్ని ఆమె పెళ్లాడింది 1874 డిసెంబరులో. అదే ఏడాది ఏప్రిల్‌లో మొదలైన ఇంప్రెషనిస్టుల తొలి ప్రదర్శనలోనే ఆమె బొమ్మలున్నాయి. మొత్తం ఎనిమిదింటిలో ఏడింటికి చిత్రాలిచ్చారు; కూతురు పుట్టిన మరుసటి ఏడు, 1879లో మాత్రమే ఇవ్వలేదు. పారిస్ ప్రభుత్వ లలితకళల కళాశాల ఆడపిల్లలను చేర్చుకున్నది 1897లో, ఆమె పోయిన రెండేళ్లకు!

కడపలో డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలు ఊయలలోని పాపను చూపే ఆమె నూనె రంగుల చిత్రం ‘ఊయల’ (1872)కు నకలు చేస్తే ముందు చెడిపోయేది దోమతెరే. ట్యూబులోని తెలుపు తెచ్చి నేరుగా పూసేస్తారు, తెర గోడైపోతుంది. అసలు బొమ్మ తెరలో నీలి, బూడిద, గులాబీ ఛాయలున్నాయి. ముందు పాపను, దిండును వేసి పూర్తిగా ఆరనివ్వాలి. మన ఎండకు పైపొర ఆరినట్టు కనిపిస్తుంది గానీ లోపల పచ్చిగానే ఉంటుంది. అప్పుడే తెర వేస్తే కింది రంగు లేచి బురదవుతుంది. ఆరాక, కుంచెను గుడ్డకు తుడిచి, కొద్దిపాటి రంగుతో పైపైన లాగాలి. రంగులో కలిపే లిన్సీడ్ (అవిసె) నూనె ఎక్కువైతే కొన్నాళ్లకు తెర పసుపెక్కుతుంది.

— చిత్రలేఖన ఉపాధ్యాయులు, కడప