వరుసలో నా వెనక నిలబడిన అక్కకు

అక్కా, ఆ రోజు బ్యాంకులో మీ పేరు అడగాలని కూడా తోచలేదు. ఈ కృతజ్ఞతలు మీ కంటబడతాయో లేదో గానీ, చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఊరు కాని ఊరు వచ్చినవాళ్లను నగరంలో ఎక్కువగా ఏడిపించేవి దూరాలూ జనమూ కాదు, కాగితాలు. చిరునామా రుజువు లేనిదే ఖాతా తెరవరు. ఖాతా లేనిదే జీతం పడదు. జీతం వస్తున్నట్టు చూపనిదే ఇల్లు అద్దెకివ్వరు. ఇల్లే లేనివాళ్లకు చిరునామా ఎక్కడి నుంచి వస్తుంది?

గుమాస్తా నా దరఖాస్తును వెనక్కి నెట్టినప్పుడు మీరు జాలి పడలేదు. నాకు అదే నచ్చింది. "ఇలా ఇవ్వమ్మా" అని తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, పై నుంచి కింది దాకా చదివారు. పనిచేసే చోటు నుంచి ధ్రువీకరణ లేఖ తెస్తే సరిపోతుందా అని నా తరఫున గట్టిగా అడిగారు. సరిపోతుందట! ఆ ముక్క ఆయనే ముందు చెప్పి ఉంటే ఎంత బాగుండేది, సరే, పోనివ్వండి. చేరిన తేదీ, ఉంటున్న చోటు, అధికారి సంతకం, ముద్ర... లేఖలో ఏమేం ఉండాలో చీటీ మీద రాసిచ్చారు. ఈలోగా మీ వంతు కాస్తా దాటిపోయింది.

ఖాతా తెరిచారు. జీతం పడింది. అద్దె ఒప్పందం మీద ఇప్పుడు నా పేరుంది. మా దగ్గర కొత్తగా చేరిన ఇద్దరికి మీ చీటీకి నకలు తీసి ఇచ్చాను. వాళ్లూ మీకు నమస్కారాలు చెప్పమన్నారు.